నమూనా సంచిలో వంద బిళ్లలు

బ్యాంకు కౌంటరు వెనక కొత్తగా కూర్చుంటున్న పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను అడుగుతారు, "సార్, మీ సర్వీసులో పెద్ద మోసాలేమైనా పట్టుకున్నారా?" అని. పట్టుకోలేదు. ముప్పై ఏళ్ల పైచిలుకు క్యాష్‌లో కూర్చుని నేను చూసిన అతి పెద్ద తప్పు నాదే. దాన్ని కూడా నేను పట్టుకోలేదు. వినను పొమ్మని నేను మొండికేస్తే, ఇద్దరు మనుషులు వేలు పెట్టి చూపించారు. ఆ ఇద్దరిలో ఒకాయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు కాబట్టి ముందు ఆయన సంగతే చెప్తాను.

వరంగల్ బజారులో మా బ్రాంచికి నాలుగు దుకాణాల అవతల ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. అందరూ సేటు అనేవాళ్లు, మేమూ అలాగే అనేవాళ్లం. మంచి వ్యాపారం, మర్యాదైన మనిషి, ఒక్క చెక్కు కూడా తిరిగిపోయిన పాపాన పోలేదు. ఉన్న రోగమల్లా ఒక్కటే, నాణేలు పోగెయ్యడం. రాజుల కాలం నాటివి, వెండివి అయితే నాకు బాధ ఉండేది కాదు, అవి నా దగ్గర దొరకవు. ఈయనకు కావలసినవి ఇప్పుడు మన జేబుల్లో ఆడేవే. ప్రతి సంవత్సరానిదీ కావాలి, ప్రతి టంకశాలదీ కావాలి. బిళ్ల మీద సంవత్సరం కింద చిన్న గుర్తుంటుందట. నక్షత్రముంటే హైదరాబాదుది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కలకత్తాది. ఇదంతా నాకు చెప్పింది ఆయనే. అప్పటికి క్యాష్‌లో నా తల సగం నెరిసింది, ఒక్కనాడూ గమనించలేదు. కొత్త విషయం తెలిసిందని సంతోషించానా అంటే లేదు. ఆయన ఆ పాఠం చెప్తున్నప్పుడు నా ముందు లైను గేటు దాకా ఉంది.

"సారూ, కొత్త సంచి ఏమన్న దిగిందా?" ఇదీ ఆయన పలకరింపు. బాగున్నావా, తిన్నావా ఏమీ లేదు.

"దిగలే సేటూ."

"మొన్న బండి వచ్చిందన్నరు గదా?"

"నోట్లు వచ్చినయి. బిళ్లలు రాలే."

"వస్తె మాత్రం ఇప్పకున్రి సారూ. నేను వచ్చినంక ఇప్పుదాం."

ఇప్పుదాం అట! బ్యాంకు ఆయనదీ నాదీ పొత్తు వ్యాపారమైనట్టు. సంచి ఇవ్వనంటే ఊరుకోడు. ఇస్తే ఇంకా కష్టం. పింఛనుదారుల కోసం వేసిన బెంచీ మీద పేపరు పరిచి, బిళ్లలు కుమ్మరించి, భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటీ తిరగేసేవాడు. గంటకో గంటన్నరకో లేచొచ్చి, ఏరుకోగా మిగిలినవి కౌంటర్లో పెట్టి, "ఇవన్ని నక్షత్రాలే సారూ, ఇంకోటి ఇయ్యున్రి" అనేవాడు. ఆయన్ని అంతసేపు అక్కడ చూసి ముసలివాళ్లు బ్యాంకు మనిషే అనుకుని ఫారాలు చేతికిచ్చేవాళ్లు. ఆయన నింపి కూడా ఇచ్చేవాడు. ఇంత ప్రేమున్న మనిషి తన దుకాణంలో మాత్రం పది రూపాయల బిళ్ల ముట్టడు. అదేమని అడిగితే, "గవి బజార్ల నడుస్తలేవు సారూ" అంటాడు. అవే పది రూపాయల బిళ్లలు ఇంట్లో అన్ని రకాలూ డబ్బాల్లో పేర్చుకున్నాడు. అది విన్న రోజు నాకు ఒళ్లు మండిపోయింది. మా స్ట్రాంగ్ రూములో ఎవరూ తీసుకోని పది రూపాయల సంచులు గోడ ఎత్తున పడి ఉండేవి.

ఇక్కడ మా తరాజు గురించి చెప్పాలి. నోట్లు లెక్కపెట్టడానికి యంత్రాలున్నాయి. బిళ్లలకు మా బ్రాంచిలో ఏమీ లేదు. ఒక ఎలక్ట్రానిక్ కాటా కొన్నారు, అది కొన్నాళ్లకే చెడిపోయింది, బాగు చేయించడానికి మంజూరు రాలేదు. అప్పుడు నేనే బజారు నుంచి రెండు పళ్లేల తరాజు ఒకటి తెప్పించాను. తూకం రాళ్ల బదులు, వంద ఐదు రూపాయల బిళ్లలు మూడుసార్లు లెక్కపెట్టి ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి సొరుగులో పెట్టుకున్నాను. దాని పేరు నమూనా సంచి. ఎవరైనా వంద బిళ్లల సంచి తెస్తే, ఒక పళ్లెంలో నమూనా, ఇంకో పళ్లెంలో వాళ్ల సంచి. రెండూ సమంగా నిలిస్తే వంద ఉన్నట్టు. వాళ్ల పళ్లెం పైకి లేస్తే, సమమయ్యే దాకా వాళ్ల ఇంకో సంచిలోంచి బిళ్లలు తీసి కలిపేవాణ్ణి. ఎన్ని కలిపితే అన్ని తక్కువ తెచ్చినట్టు లెక్క. ఒకటీ రెండూ తేడా వస్తే చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ణి. పని చకచకా నడిచేది. వచ్చిన అధికారులు కూడా మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే మనిషికి కళ్లు మూసుకుపోతాయి.

ఇక తప్పు జరిగిన రోజు. నెల మొదటి వారం, పింఛన్ల రోజు. సర్వరు ఒకసారి లేస్తుంది, ఒకసారి పడుకుంటుంది. లైనులో ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఆ రద్దీలో సేటు దిగాడు.

"సారూ, ఐదు రూపాయలయి ఒక్క సంచి."

"లెవ్వు సేటూ. రేపు రా."

"జర సొరుగుల చూడున్రి సారూ. మీ తాన ఎప్పటికి ఒకటుంటది."

ఉంటుంది నిజమే, అది నమూనా సంచి. ఆ మాట చెప్పి, అదెందుకో వివరించి, ఆయన అడిగే మరో పది ప్రశ్నలకు జవాబిచ్చే ఓపిక నాకు లేదు. సొరుగు లాగి ఆ సంచే ఆయన చేతిలో పడేశాను.

"ఇగో, ఏరుకో. ఎన్ని తీస్తే అన్ని పెట్టు. లెక్క తప్పిందంటే మాత్రం మల్ల నా మొఖం చూడకు."

లెక్క తప్పలేదు. నిక్కమైన మనిషి. మధ్యాహ్నానికల్లా సంచి మళ్లీ కట్టి తెచ్చి, "రెండుసార్లు లెక్కపెట్టిన సారూ, వందకు వంద" అని చేతిలో పెట్టాడు. మొహం వెలిగిపోతోంది, ఏవో దొరికినట్టున్నాయి. నేను సంచిని సొరుగులో వేసి మరిచిపోయాను.

రెండో మనిషి బస్టాండులో మరుగుదొడ్ల దగ్గర బల్ల వేసుకుని మనిషికి ఐదు రూపాయలు తీసుకునే ఆమె. యాభై దాటిన మనిషి, ఊరు వర్ధన్నపేట పక్కన. పత్తి ఏరడానికి మోకాళ్లు వంగక, కూర్చుని చేసే పని కదా అని దీనికి వచ్చింది. ఫోన్లో కొట్టే డబ్బులు నేరుగా ఆ మరుగుదొడ్లు నడిపే కంట్రాక్టరుకు పోయేవి. బిళ్లలు మాత్రం ఆమె ప్రతి సోమవారం తెచ్చి ఆయన ఖాతాలో కట్టి చీటి పట్టుకెళ్లేది. బల్ల మీద పదేసి బిళ్లలు కుప్పలు పెట్టి, పది కుప్పలకొక సంచి కట్టేది. రెండేళ్లుగా వస్తోంది, ఒక్క గొడవ లేదు.

పింఛన్ల రోజు తర్వాతి సోమవారం ఆమె సంచి తరాజులో పెడితే పళ్లెం పైకి లేచింది. ఒక బిళ్ల వేశాను, రెండు వేశాను. ఆరు వేస్తే గానీ సమం కాలేదు. రెండో సంచీ అంతే.

"అక్కా, సంచికి ఆరు తక్కువున్నయి."

"ఎట్ల తక్కువైతయి సారూ? పొద్దుగాల బల్ల మీదనే కుప్పలు పెట్టి కట్టుకొచ్చిన."

"తరాజు చెప్తాంది అక్కా, నేను చెప్తలేను."

ఎంత తెలివైన మాట అన్నానో అనుకున్నాను అప్పుడు. ఆమె సంచుల వైపు, తరాజు వైపు చూసి, చీటి తీసుకుని వెళ్లిపోయింది. మరుసటి సోమవారమూ ఆరే. ఆ పై వారం ఐదు. టీ కొట్టాయన తెచ్చినా తక్కువే, పాన్ డబ్బా ఆయన తెచ్చినా తక్కువే. నేను తూచిన ప్రతి సంచీ తక్కువే వస్తుంటే, బుద్ధున్నవాడికి తరాజు మీద అనుమానం రావాలి. నాకు ఊరి మీద వచ్చింది. జనం ఎంత చెడిపోయారో చూశావా అని పక్క కౌంటరు అమ్మాయితో అన్నాను కూడా. ఆ అమ్మాయి పాపం తలూపింది.

నాలుగో వారం ఆమె నా కౌంటరు అంచు గట్టిగా పట్టుకుని అడిగింది.

"సారూ, కంట్రాక్టరు నా జీతంల కోస్తాండు. ఒక్క సంచి, ఒక్కటంటె ఒక్కటి, చేతితోని లెక్కపెట్టున్రి. మీ కాళ్లు మొక్కుత."

"అక్కా, నీ వెనక ఎంతమందున్నరో చూసినవా? ఇట్ల ఒక్కొక్కల్లయి లెక్కపెట్టుకుంట కూసుంటె నేను ఇంటికి పోవాల్నా వద్దా?"

"మరి నేనేం చెయ్యాలె? చీటి చూపిచ్చి, బ్యాంకోళ్లు అబద్ధం చెప్తరా అంటాండు."

నేనొక సలహా పారేశాను. "నీ బల్ల కాడ ఎవరన్న తీస్తాన్రేమో చూసుకో." ఆ సలహా తీసుకుని ఆమె తనతో పాటు అక్కడ ఊడ్చే మనిషిని అనుమానించిందని, ఇద్దరికీ మాటలు పోయాయని తర్వాత తెలిసింది. నోరు మూసుకుని ఉన్నా బాగుండేది.

ఆరో సోమవారం ఆమె వచ్చినప్పుడు ఏడుపు లేదు, బతిమాలడం లేదు. సంచి కౌంటర్లో పెట్టి చెప్పింది.

"ఇయ్యాల చీటి సరిగ్గ రాకపోతె రేపట్నుంచి రావద్దన్నడు. నా జాగల కూసునెటందుకు మనిషిని గూడ తెచ్చుకున్నడు. బస్టాండ్ల అందరి ముందట దొంగ అన్నడు సారూ నన్ను."

నేను సంచి తరాజులో పెట్టాను. పళ్లెం లేచింది.

"ఆరు తక్కువ" అన్నాను, బిళ్లలు వేసి చూడకుండానే.

ఆమె చెయ్యి లోపలికి పెట్టి తన సంచి తను తీసుకుంది. ముడి విప్పింది. నా కౌంటరు ముందర, లైను నిలబడే చోట, వంద బిళ్లలూ నేల మీద గుమ్మరించింది. కొన్ని దొర్లుకుంటూ మనుషుల కాళ్ల మధ్యకు పోయాయి. వాటిని ఒక్కొక్కటే ఏరుకొచ్చి, కుప్ప ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"లెక్కపెట్టున్రి. లెక్కపెట్టెదాంక నేను లేవ."

లైను భగ్గుమంది. "అరే, పక్కకు జరుగమ్మా, మాకు పనుల్లెవ్వా?" అని ఒకరు, "సారూ, మీరన్న చెప్పున్రి" అని ఒకరు. గార్డు వచ్చి ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూస్తున్నాడు. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు, గుర్తు లేకపోవడమే మంచిది. ఆమె కదల్లేదు.

కదిలింది సేటు. బెంచీ మీద భూతద్దంతో కూర్చున్నవాడికి, నేల మీద వంద బిళ్లలు కనబడితే ఆగుతాడా? పంచె ఎగగట్టి వచ్చి ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"నేను లెక్కపెడ్త తియ్యి" అన్నాడు.

లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి బిళ్లా తిప్పి సంవత్సరం చూస్తున్నాడు.

"ఏం చూస్తానవయ్యా? లెక్కపెట్టు!" అంది ఆమె.

"లెక్కపెడుతానక్కా. చూసుకుంట లెక్కపెడుతాన."

పది కుప్పలయ్యాయి. వంద. "మల్ల పెట్టు" అంది. మళ్లీ వంద. ఈలోగా లైనులో ముందున్న నలుగురైదుగురు కూడా వంగి చూస్తూ పైకే లెక్కపెడుతున్నారు, అందరి నోటా వందే. సేటు ఆ బిళ్లలన్నీ సంచిలో ఎత్తి నాకిచ్చాడు. నేను అందరూ చూస్తుండగా తరాజులో పెట్టాను. పళ్లెం పైకి లేచింది.

హాలంతా నా వైపు చూసింది. నేను తరాజు వైపు చూశాను. అప్పుడు సేటు తల గోక్కుంటూ అన్నాడు.

"సారూ, ఒక మాట. మీరు నాకు ఇచ్చే సంచులల్ల మాత్రం నూటారు, నూటైదు వస్తానయి."

"ఏందీ?"

"నెలన్నర సంది. మీరు నా మీద ప్రేమతోని కొసరేస్తాన్రనుకున్న."

"బ్యాంకుల కొసరేందయ్యా!" అని నేను అరిచిన అరుపుకు మేనేజరు క్యాబిన్లోంచి బయటికొచ్చాడు.

కొసరు! వంకాయలు కొంటే ఓ పచ్చిమిరపకాయ వేస్తారు చూడండి, అలా నేను ఆయనకు ఐదు రూపాయల బిళ్లలు కొసరు వేస్తున్నానట. మరి చెప్పలేదేమయ్యా అంటే, కొసరు గురించి ఎవరన్నా మాట్లాడుతారా సారూ అన్నాడు. బజారులో పుట్టి పెరిగినవాడు, ఆయన లెక్క ఆయనది. ఆయన్నని ఏం లాభం? ఆ ఆరు వారాల్లో నా దగ్గర చిల్లర పట్టుకెళ్లిన దుకాణదార్లు ఎందరో ఉన్నారు. సంచికి ఆరు ఎక్కువొస్తున్నాయని ఒక్కడూ నోరు విప్పలేదు. ఒక్క బిళ్ల తగ్గి ఉంటే తెల్లారేసరికి నా ముందుండేవాళ్లు.

అప్పుడు నమూనా సంచి విప్పాను. లెక్కపెడితే వందే. కానీ బల్ల మీద పరిచాక, పలచటి పసుపు బిళ్లల మధ్య పాతకాలపు తెల్ల బిళ్లలు, లావువి, పన్నెండు కనబడ్డాయి. ఒక్కోటి పసుపు బిళ్లకు ఒకటిన్నర బరువు, అంటే నా నమూనా నూటారు పసుపు బిళ్లల బరువు తూగుతోంది. సేటు వాటిని చూసి చిన్నప్పటి స్నేహితుడు కనబడినంత సంబరపడ్డాడు.

"ఇవి నేనేసినయే సారూ! నా తాన ఇవి డబ్బలు డబ్బలున్నయి. తీసినయి పన్నెండు, పెట్టినయి పన్నెండు."

"నువ్వు సామాను కాటా పెట్టి అమ్మెటోనివి గదయ్యా. బరువు తేడా తెల్వదా నీకు?"

"తెలుసు సారూ. ఈ సంచి తూకం రాయి అని మీరు చెప్పిన్రా?"

చెప్పలేదు. లెక్క తప్పొద్దన్నాను, తప్పలేదు. ఆయన మీద నాకున్న కోపం ఎందుకు చల్లారదంటే, ఎటు తిప్పి చూసినా ఆయన తప్పు కనబడదు. ప్లాస్టిక్ సంచి, లోపలివి కనబడుతూనే ఉంటాయి. రోజుకు పదిసార్లు చేత్తో పట్టుకున్నాను, ఒక్కసారి దాని వంక చూడలేదు.

మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు. నాకంటే చాలా చిన్నవాడు, చెడ్డవాడు కాదు. తలుపు మూసి, "సార్, ఏమీ రాసివ్వకండి. ఆ అమ్మకు ఎంత పోయిందో లెక్క చూసి మన జేబులోంచి ఇచ్చేద్దాం. రికార్డులోకి ఎక్కితే ఎంక్వైరీ అంటారు. మీకు నాలుగు నెలల్లో రిటైర్మెంట్" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా నచ్చింది. బయటికొచ్చి ఆమెను పక్కకు పిలిచి, "అక్కా, తప్పు మాదే. నీకు పోయిన పైసలన్ని ఇయ్యాలనే ఇస్త" అన్నాను.

ఆమె సంచి కట్టుకుంటూ అంది. "పైసలు తర్వాత సారూ. ఇప్పుడు నేను పైసలు తీస్కపోయి ఇస్తె, ఇన్నాళ్లు తిన్నది కక్కింది అంటడు. నువ్వు రా. వచ్చి చెప్పు."

"కౌంటరు ఇడిసిపెట్టి ఎట్ల వస్తనక్కా?"

"నేను బల్ల ఇడిసిపెట్టి రాలేదా?"

రెండేళ్లుగా మీరు అన్న మనిషి. నువ్వు అనడం అదే మొదటిసారి. నేను లోపలికెళ్లి ఒక తెల్ల కాగితం మీద రాశాను. ఈమె ఆరు వారాలుగా తెచ్చిన సంచుల్లో బిళ్లలు సరిగ్గానే ఉన్నాయి, తక్కువ చూపింది మా తరాజు, తూచింది నేను, అని. సంతకం పెట్టే ముందు రిటైర్మెంట్ గుర్తొచ్చింది, ఒప్పుకుంటాను. నాలుగు నెలలు ఎవరికి తక్కువ? మేనేజరు అద్దంలోంచి చూశాడు గానీ బయటికి రాలేదు.

భోజనాల వేళకు కౌంటరు మూసి ఆటో ఎక్కాం. ఆమె, నేను. కూర్చున్నాక చూస్తే పక్కన సేటు కూడా ఉన్నాడు, ఒళ్లో నమూనా సంచితో. "సాక్ష్యం ఉండాలె గద సారూ" అన్నాడు. దింపే ఓపిక లేక ఊరుకున్నాను.

బస్టాండులో బల్ల దగ్గర అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. కంట్రాక్టరుకు ఫోను చేస్తే, మడికొండలో ఇల్లు కట్టిస్తున్నాడట, అరగంటకు బండి మీద వచ్చాడు. కాగితం చదివాడు. సేటు సంచి విప్పి లావు బిళ్లలు, పలచ బిళ్లలు చూపించబోతే, అర్థమైందన్నట్టు చెయ్యి ఊపాడు.

"సరే సారూ. అంత దూరంకెల్లి వచ్చిన్రు. రేపట్నుంచి రమ్మనున్రి" అన్నాడు, పోయిన గొడుగు దొరికిందన్నంత తేలిగ్గా.

"దొంగ అని ఈడ అన్నవు. ఈడనే చెప్పు" అంది ఆమె.

"అయిపాయె గదా, ఇంక పెద్దగ చేస్తవేంది?" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు ఆరు వారాల చిరాకంతా ఒక్కసారి పైకొచ్చింది. ఆయన మీదా, సేటు మీదా, నోరు విప్పని దుకాణదార్ల మీదా, అన్నిటికన్నా ఎక్కువ నా మీదా. టోకెన్లు పిలిచి పిలిచి గట్టిపడిన గొంతు నాది. అక్కడున్న ఆటోవాళ్లు, టీ కొట్టు దగ్గరివాళ్లు, ఖమ్మం బస్సు కోసం నిలబడ్డవాళ్లు అందరూ తిరిగి చూసేలా అరిచాను.

"అందరు ఇనున్రి! ఈ అక్క దొంగ కాదు. ఒక్క బిళ్ల గూడ తియ్యలే. బ్యాంకుల తప్పు తూచింది నేను. తప్పు నాది!"

ఒక ఆటో డ్రైవరు, "ఏ బ్యాంకు సారూ?" అని అడిగాడు. చెప్పాను. అక్కణ్ణుంచి ఆ మాట ఎంత దూరం పోయిందంటే, రెండు వారాల్లో పైఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. ఏ నిబంధన ప్రకారం నమూనా సంచి పెట్టుకున్నారు, ఏ నిబంధన ప్రకారం దాన్ని ఖాతాదారుకు ఇచ్చారు అని. నా దగ్గర ఏ నిబంధనా లేదు. ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఆమెకు కోసిన జీతం నేనే ఇచ్చాను, తీసుకుంది. సేటు కూడా తనకొచ్చిన కొసరు బిళ్లలు సంవత్సరాల వారీగా పేర్చి తెచ్చిచ్చాడు, రెండు మాత్రం తనకు కావాలని, వాటికి బదులు వేరేవి ఇస్తానన్నాడు. ఆ మెమో జవాబుతోనే నా సర్వీసు ముగిసింది. సన్మానానికి వేసిన దండ మాత్రం బాగానే ఉంది.

మళ్లీ బస్టాండుకు వస్తాను. నేను అలా అరిచి నిలబడి ఉంటే, సేటు మెల్లగా నా చెవి దగ్గరికి వచ్చాడు. ఏదో ధైర్యం చెప్తాడనుకున్నాను.

"సారూ, అక్క బల్ల మీద ఆ డబ్బల ఉన్న బిళ్లలు ఒక్కసారి చూడనిస్తదేమో అడుగుతరా?"

నేను చూసిన చూపుకు రెండడుగులు వెనక్కి పోయాడు.

కొత్తగా కూర్చున్నామె తనంతట తనే లేచి కుర్చీ వదిలింది. మా అక్క కొంగు నడుముకు దోపుకుని, బల్ల గుడ్డతో తుడిచి, తన జాగాలో కూర్చుంది. కంట్రాక్టరు బండి తిప్పుకుని పోయాడు. పొద్దున్నుంచి ఒంటికి పోవడానికి వీలు దొరకని మనిషిని, పైగా ఇంత గొడవ. మరుగుదొడ్డి లోపలికి పోయి వచ్చాను. బయట ఆమె ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. నేనూ లైనులో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆరు వారాలు ఆమె బిళ్లలు ఒక్కసారి లెక్కపెట్టడానికి నాకు తీరిక లేకపోయింది. నేనిచ్చినదాన్ని ఆమె తిప్పి కూడా చూడలేదు, డబ్బాలో వేసి నా వెనకాయన వైపు చెయ్యి చాచింది.